తొమ్మిదేళ్ల రాణికి బీమా చేయించాలా?

గంజాం జిల్లాలో ఛత్రపురం దాటి సముద్రం వైపు తిరిగితే ఆర్యపల్లి వస్తుంది. నేల ఒడిశాది, ఇళ్లలో మాట తెలుగు. ఇసుక మీద వరసగా పడవలు, ఎండుతున్న వలలు, వాటి నీడన ముడుచుకు పడుకున్న కుక్కలు. ఆ ఊళ్లో ఒక ఇల్లు ఊహించుకుందాం. కొడుకు బరంపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ముచ్చటపడి ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. అద్దె ఇంట్లో కుదరక ఊళ్లో అమ్మా అయ్యల దగ్గర వదిలాడు. లాబ్రడార్ పోలిక, తేనె రంగు, పేరు రాణి. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మూతి నెరిసింది. పడవ ఒడ్డుకొచ్చే వేళకు ఇదివరకు పరుగెత్తేది, ఇప్పుడు నడిచి వెళుతోంది.

ఒక రాత్రి కొడుకు ఫోన్ చేశాడు.

"అయ్యా, రాణికి ఇన్సూరెన్స్ చేయిద్దామా? ఫోన్లోనే కట్టేయొచ్చు."

"పడవకి కట్టినట్టేనా?"

"అలాంటిదే."

"పాత పడవంటేనే వెనకాడతారు గదరా, ముసలి కుక్కకి ఎవడిస్తాడు?"

ఆ తండ్రి మాటలో విషయం సగం ఉంది. చెక్క పుచ్చిన పడవకూ, మూతి నెరిసిన కుక్కకూ బీమా దొరకడం ఎందుకు కష్టం? దొరికినా కట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు కంపెనీల ప్రకటనల్లో కనిపించదు. సగం గణితంలో ఉంది, సగం కుక్క ఒంట్లో ఉంది.

నష్టాన్ని వాటాలు వేసుకోవడం

ఒడ్డు నుంచి అలివి వల లాగే చోట పట్టు మొత్తం ఒక్కరిది కాదు. వల ఉన్నవాడికి ఒక వాటా, పడవకు ఒక వాటా, తాడు లాగిన ప్రతి చేతికీ ఒక వాటా. బీమా కూడా ఇలాంటి వాటాల లెక్కే. కాకపోతే అక్కడ పంచుకునేది చేపను, ఇక్కడ పంచుకునేది నష్టాన్ని.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, తీరు మాత్రం నిజం. వంద ఇళ్లలో వంద పడుచు కుక్కలున్నాయి. ఏడాదిలో వాటిలో ఐదింటికి పెద్ద జబ్బు చేస్తుంది. ఒక్కోదానికి 20,000 రూపాయలు ఖర్చు. మొత్తం లక్ష. ఆ ఐదు ఏవో ముందుగా ఎవరికీ తెలియదు. కాబట్టి వంద ఇళ్లవాళ్లూ తలా వెయ్యి ఒక కుండలో వేస్తే, ఎవరి కుక్కకు జబ్బు చేసినా ఆ కుండలోంచి తీసి ఇవ్వచ్చు. కుండను కాపలా కాసేవాడి జీతం, కాగితాల ఖర్చు, కంపెనీ లాభం కలిపితే ఆ వెయ్యి పదిహేను వందలవుతుంది. ఇదే ప్రీమియం.

దీని వెనక ఒక సూత్రం ఉంది. ఒక్క కుక్క గతి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. వంద కుక్కల్లో ఎన్నింటికి జబ్బు చేస్తుందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. లక్ష కుక్కల విషయంలో చాలా దగ్గరగా చెప్పవచ్చు. ఒక్కదాని దగ్గర గుడ్డిగా కనిపించే అదృష్టం, గుంపు దగ్గర లెక్కకు లొంగుతుంది.

సముద్రం మీద బతికేవాళ్లకు ఇది కొత్త కాదు. బీమా వ్యాపారం పెరిగింది కూడా సముద్రం మీద ఓడల చుట్టూనే. ఇవాళ ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో మత్స్యకారుడు చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 రూపాయలు ఇచ్చే బీమా ఉంది. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. వేటకు వెళ్లినవాళ్లలో చాలామంది క్షేమంగా తిరిగొస్తారు, ఏ కొద్దిమందికో ఆపద వస్తుంది. అందుకే ఆ బీమా నిలబడుతోంది.

ఇప్పుడు అవే వంద ఇళ్లలో వందా పదకొండేళ్ల కుక్కలే అనుకోండి. ఐదింటికి బదులు నలభైకి జబ్బు చేస్తుంది. ఖర్చు 8 లక్షలు. తలా 8,000. పైఖర్చులు కలిపితే 12,000. అంత కట్టే బదులు ఆ డబ్బేదో మన దగ్గరే ఉంచుకుంటే పోలా అనిపిస్తుంది. బీమా పంచేది "ఎవరికి వస్తుందో తెలియని" నష్టాన్ని. "అందరికీ వచ్చేదే" అయిన ఖర్చును పంచుకోవడంలో ఎవరికీ కలిసొచ్చేది లేదు, కుండ కాపలాదారు జీతం అదనపు బరువవుతుంది.

వయసుకో ధర కట్టిన ఖగోళ శాస్త్రవేత్త

వయసును బట్టి ధర కట్టాలన్న ఆలోచనకు శాస్త్రీయ పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు ఎడ్మండ్ హేలీ. తోకచుక్కకు తన పేరు పెట్టించుకున్న హేలీయే. 1693లో ఆయన బ్రెస్లా నగరంలోని జనన మరణాల పట్టీలు తీసుకుని, ఏ వయసువాళ్లలో ఎందరు మరుసటి ఏడాదికి బతికుంటారో పట్టిక వేశాడు. మనిషి బతికున్నన్నాళ్లూ ఏటా ఇచ్చే భరణానికి ఇరవై ఏళ్లవాడి దగ్గరా అరవై ఏళ్లవాడి దగ్గరా ఒకే ధర తీసుకోవడం తప్పని ఆ పట్టికతో చూపించాడు.

కుక్కలకు అలాంటి పట్టిక స్వీడన్‌లో దొరికింది. అక్కడ కుక్కల బీమా 1924 నాటికే మొదలైంది. ఇప్పుడు అక్కడి కుక్కల్లో అత్యధిక భాగానికి బీమా ఉంది. అంటే ఏ జాతికి ఏ వయసులో ఏ జబ్బు చేసిందో బీమా కంపెనీ పద్దుల్లో పోగుపడింది. పశువైద్య పరిశోధకులు ఆ పద్దులను తెరిచి చదివారు. 2001లో అచ్చయిన అలాంటి ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, బీమా ఉన్న ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒకదానికి పదేళ్లు నిండేలోపే గర్భసంచిలో చీము పడుతోంది. దీన్నే పయోమెట్రా అంటారు. స్వీడన్‌లో అప్పట్లో ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ. మన ఊళ్లలో పరిస్థితి కూడా అదే.

రాణికి ఆపరేషన్ కాలేదు. వయసు తొమ్మిది. నాలుగింట ఒకటి అన్న అంకెను గుర్తుపెట్టుకుందాం, దీనితో మళ్లీ పని పడుతుంది.

> పయోమెట్రా ఎలా వస్తుంది?
>
> ఆడకుక్క ఎదకు వచ్చిన ప్రతిసారీ, కడుపు నిలిచినా నిలవకపోయినా, సుమారు రెండు నెలల పాటు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఒంట్లో ఎక్కువగా ఉంటుంది. రాబోయే పిల్లల కోసం అది గర్భసంచి లోపలి పొరను మందంగా, తడిగా చేస్తుంది. లోపలిదాన్ని బయటకు నెట్టకుండా గర్భసంచి కండరాలను నిమ్మళింపజేస్తుంది. అక్కడి రోగనిరోధక కాపలాను కూడా తగ్గిస్తుంది.
>
> ఎద సమయంలో తెరుచుకున్న దారిగుండా పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. వెచ్చదనం, తడి, తిండి అన్నీ సిద్ధం. పిల్లలు పెరగాల్సిన చోట చీము పెరుగుతుంది.
>
> ఏళ్ల తరబడి ఇలా ఎద తర్వాత ఎద వస్తూ పోవడంతో పొర మరింత దెబ్బతింటుంది. అందుకే వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది.
>
> గుర్తులు: ఎద ముగిసిన కొన్ని వారాలకు కుక్క అతిగా నీళ్లు తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, తిండి మానడం, కింద నుంచి చీము కారడం. గర్భద్వారం మూసుకుపోతే చీము బయటకు రాదు, పొట్ట ఉబ్బుతుంది. అది మరీ ప్రమాదం. బ్యాక్టీరియా విషం మూత్రపిండాలను నీళ్లు పట్టి ఉంచనివ్వదు, అందుకే అంత దాహం. గంటలు కూడా లెక్కే, ఆలస్యం చేయకూడదు.

ఏడుతో హెచ్చవేస్తే తప్పే

కుక్కకు ఒక ఏడాదంటే మనిషికి ఏడేళ్లని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ లెక్కన రాణికి 63. కానీ ఏడాది తిరగని కుక్క కూడా పిల్లల్ని కనగలదు. ఏడేళ్ల పిల్ల కనలేదు. కాబట్టి ఎక్కడో తేడా ఉంది.

పడవ అడుగున పట్టిన గుల్లలు చూసి అది ఎన్నాళ్లుగా నీళ్లలో ఉందో చెప్పవచ్చు. మన కణాల్లోని డీఎన్ఏ మీద కూడా వయసుతో పాటు మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఒక క్రమంలో పడుతూ పోతాయి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు నాలుగు వారాల కూన మొదలు పదహారేళ్ల ముసలిదాని దాకా 104 లాబ్రడార్ల రక్తం తీసి ఈ గుర్తులను మనుషుల వాటితో పోల్చారు. 2020లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం ఏడాది వయసు లాబ్రడార్ సుమారు 30 ఏళ్ల మనిషికి సమానం. నాలుగేళ్లకు యాభై దాటుతుంది. తర్వాత పరుగు నెమ్మదించి పన్నెండేళ్లకు 70 దగ్గరకు చేరుతుంది. అంటే కుక్క మొదట్లో గబగబా పెద్దదై, ఆ తర్వాత నింపాదిగా ముసలిదవుతుంది. రాణి అరవై అయిదు దాటిన మనిషి లాంటిది. ఏడో ఏట కూడా అది పడుచు కుక్కేమీ కాదు.

ఒంటి పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. జంతువుల్లో ఏనుగు ఎలుక కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కుక్కల్లో మాత్రం ఇది తలకిందులు. చిన్న కుక్కలు పద్నాలుగు, పదిహేనేళ్లు బతికితే, దూడంత పెరిగే గ్రేట్ డేన్ సాధారణంగా ఏడెనిమిదేళ్లకే పోతుంది. 2013లో 74 జాతులను పరిశీలించిన ఒక అధ్యయనం, బరువు రెండు కిలోలు పెరిగిన కొద్దీ ఆయుర్దాయం సుమారు నెల చొప్పున తగ్గుతోందని తేల్చింది. పెద్ద జాతులు ముసలితనానికి త్వరగా వస్తాయని కాదు, వచ్చాక త్వరగా కుంగిపోతాయని ఆ అధ్యయనం చెప్పింది. మన దేశంలో బీమా కంపెనీలు భారీ జాతులకు తలుపు ముందే మూసేయడానికి కారణం ఇదే.

పదిమంది లాగే వల, ముగ్గురే లాగుతుంటే

ముసలి కుక్క బీమాలో పెద్ద తగాదా ఎప్పుడూ ఒక్క మాట దగ్గరే వస్తుంది. అది "ముందే ఉన్న జబ్బు". కుక్క నిన్నటిదాకా బాగానే ఉంది కదా, ముందే ఉందంటారేమిటి అని యజమాని అడుగుతాడు. అతను చెప్పేది నిజమే. కంపెనీ చెప్పేది కూడా చాలాసార్లు నిజమే. ఎలాగో చూద్దాం.

మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నని జల్లెడలు లక్షల్లో ఉంటాయి. పదిమంది లాగే వలలోంచి ఒకడు తప్పుకున్నా, ఇద్దరు తప్పుకున్నా వల ఒడ్డుకు వస్తూనే ఉంటుంది. మిగతావాళ్లు కాస్త గట్టిగా లాగుతారు. దూరం నుంచి చూసేవాడికి తేడా తెలియదు. ముగ్గురు కూడా మిగలని రోజున వల ఆగిపోతుంది. మూత్రపిండాల్లో కూడా ఇంతే. సుమారు నాలుగింట మూడు వంతుల జల్లెడలు పాడయ్యేదాకా మామూలు రక్త పరీక్షలో క్రియాటినిన్ స్పష్టంగా పెరగదు. కుక్క నీరసపడిన రోజు జబ్బుకు మొదటి రోజు కాదు, ఏళ్ల నాడు మొదలైంది ఆ రోజు బయటపడింది.

పొమరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో గుండె కవాటం ముడుచుకుపోయే జబ్బు కూడా ఇలాంటిదే. దగ్గు, ఆయాసం మొదలుకావడానికి ఏళ్ల ముందే స్టెతస్కోపు పెడితే గుండెలో బుసబుసమనే శబ్దం వినిపిస్తుంది. కీళ్లవాతం, దంతాల జబ్బు, కంటి శుక్లం అన్నీ చాపకింద నీరులా వచ్చేవే. తొమ్మిదేళ్ల కుక్కకు పాలసీ తీసుకున్నామంటే, ఇప్పటికే లోపల మొదలైన కొన్ని జబ్బులతో సహా తీసుకున్నామన్నమాటే. ఇలాంటి వాటినే పాలసీ కాగితం పక్కన పెట్టేస్తుంది.

పదో నంబరు సూచిక ఎగిరాక

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. ఆర్యపల్లివాళ్లకు ఆ రాత్రి గురించి వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి రాత్రి రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగిరాక ఎవరైనా పడవకు బీమా ఇమ్మని వెళితే ఏ కంపెనీ ఇస్తుంది? ఇస్తే ఊరంతా అప్పుడే వచ్చి కడుతుంది, మామూలు రోజుల్లో ఎవరూ కట్టరు. కుండ నిండదు, పంచడానికి ఏమీ ఉండదు.

నిరీక్షణ కాలం పెట్టేది ఇందుకే. పాలసీ తీసుకున్న మొదటి కొన్ని వారాల్లో బయటపడిన జబ్బుకు డబ్బు రాదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం కుదరదని చెప్పడమే అది. కుక్క కుంటడం మొదలుపెట్టాక పాలసీ కోసం వెతికేవాళ్లకు ఈ నిబంధన అన్యాయంగా కనిపిస్తుంది. కానీ అది లేకపోతే కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు కట్టినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

> బియ్యంలో రాళ్లు, బీమాలో ముసలివాళ్లు
>
> 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల సంత గురించి ఒక వ్యాసం రాశారు. కారులో లోపమేమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. భయపడి కొనేవాడు ధర తగ్గిస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. సంతలో పాడు కార్లే మిగులుతాయి. ధర ఇంకా పడుతుంది.
>
> అదే వ్యాసంలో ఆయన 65 ఏళ్లు దాటినవాళ్లకు ఆరోగ్య బీమా దొరకడం ఎందుకు కష్టమో కూడా చెప్పారు. మన దేశంలో ఇల్లాలు బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్లను ఏరుకోవాల్సి రావడాన్ని కూడా ఉదాహరణగా తీసుకున్నారు. 2001లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి రావడానికి పునాది ఈ ఆలోచనే.
>
> ముసలి కుక్కల బీమాలో ఇది తారుమారుగా జరుగుతుంది. కుక్క సంగతి తెలిసింది కొనేవాడికి, తెలియనిది కంపెనీకి. అనుమానం ఉన్న యజమానే పాలసీకి ముందు పరుగెడతాడు. క్లెయిములు పెరుగుతాయి, కంపెనీ ప్రీమియం పెంచుతుంది. ఆరోగ్యమైన కుక్క ఉన్నవాడు ఇంత దేనికని మానేస్తాడు. మిగిలినవాళ్లలో జబ్బు పాలు ఇంకా ఎక్కువవుతుంది, ప్రీమియం మళ్లీ పెరుగుతుంది. చివరికి కంపెనీ "ఈ వయసు దాటితే వద్దు" అని తలుపు వేస్తుంది.

మన దేశంలో తలుపు ఎక్కడ మూసుకుంటుంది?

మన దగ్గర పశువుల బీమా పాతదే. ఆవుకు, గేదెకు చెవికి ట్యాగు వేసి బీమా చేయడం పల్లెలన్నింటికీ తెలుసు. ట్యాగు లేకపోతే క్లెయిము లేదన్న నియమం కూడా తెలుసు. చచ్చింది బీమా చేసిన ఆవేనా అన్న అనుమానానికి జవాబు ఆ ట్యాగు. కుక్కకైతే ఫొటోలు, ఒంటి గుర్తులు, చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఆ పని చేస్తాయి. ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు కుక్కలకు ఎప్పటి నుంచో పాలసీలు ఇస్తున్నాయి. ప్రైవేటు కంపెనీల్లో బజాజ్ అలియాంజ్ 2020లో ఈ రంగంలోకి వచ్చింది, ఆ తర్వాత మరికొన్ని చేరాయి.

వీటిలో చాలా పాలసీల్లో కొత్తగా చేరడానికి వయసు హద్దు ఏడెనిమిదేళ్ల దగ్గర ఆగుతుంది. భారీ జాతులకు నాలుగేళ్ల దగ్గరే ఆగిపోవచ్చు. ముందే చేరిన కుక్కను కూడా ఒక వయసు దాటాక కొనసాగించని పాలసీలున్నాయి. కాబట్టి తొమ్మిదేళ్ల రాణికి చాలాచోట్ల అసలు తలుపే తెరుచుకోదు. తండ్రి అన్నది అక్షరాలా నిజం.

తలుపు తెరుచుకున్న చోట కూడా కొన్ని షరతులు ఉంటాయి. ఏటా టీకాలు వేయించిన కాగితం కావాలి. టీకాతో ఆపగలిగే జబ్బు, టీకా వేయించనందువల్ల వస్తే డబ్బు రాదు. పళ్లు శుభ్రం చేయించడం, కాన్పులు, మామూలు తనిఖీలు సాధారణంగా బయటే. ఖర్చులో కొంత పాలు మనం భరించాలనే కో-పే నిబంధన ఉండవచ్చు. ముందు మన జేబులోంచి కట్టి, బిల్లులు పెట్టి తర్వాత తీసుకోవడమే ఎక్కువ పాలసీల పద్ధతి. అంటే ఆపద వచ్చిన రోజున చేతిలో డబ్బు ఎలాగూ ఉండాలి.

రాణి ఇంటి లెక్క

సరే, ఏదో ఒక కంపెనీ రాణిని తీసుకుందనే అనుకుందాం. ఇవీ ఊహించిన అంకెలే. ఏటా ప్రీమియం 6,000. కో-పే 20 శాతం. పెద్ద ఆపరేషన్ పడితే ఖర్చు 25,000. కంపెనీ నుంచి వచ్చేది 20,000.

కట్టేది 6,000, వస్తే వచ్చేది 20,000. ఇలాంటి వంద రాణుల్లో ఏడాదికి కనీసం ముప్పైకి అలాంటి క్లెయిము వస్తేనే ఇచ్చిందీ పుచ్చుకుందీ సమానం. తొమ్మిదేళ్ల కుక్కల్లో ముప్పైకి జబ్బు చేయడం పెద్ద వింత కాదు. కానీ ఆ ముప్పైలో ఎన్నింటికి జబ్బు కొత్తది? ఎన్నింటికి ముందే ఉన్నది? ఎన్నింటికి నిరీక్షణ కాలంలో వచ్చింది? ఇవన్నీ తీసేస్తే చేతికి డబ్బొచ్చేవి తగ్గిపోతాయి. కంపెనీ ధర కట్టిందే ఆ లెక్క చూసుకుని కదా.

అయితే లెక్కలో నష్టం కనిపించిందని ప్రతి బీమానూ కాదనడం సరికాదు. ఏ బీమాలోనైనా సగటున మనం కట్టేదే ఎక్కువ. ఆ తేడా నిశ్చింతకు ఇచ్చే ధర. ఒక్కసారిగా వచ్చిపడే ఖర్చు ఇంటిని కూల్చేస్తుందంటే ఆ ధర ఇవ్వదగ్గదే. 25,000 కోసం వల తాకట్టు పెట్టాల్సిన ఇంటికీ, జీతంలోంచి ఒక నెల సర్దుకోగల ఇంటికీ జవాబు ఒకటి కాదు.

ఇంకొక ప్రశ్న అడగడానికి మనసొప్పదు, కానీ అడగాలి. పెద్ద జబ్బే వస్తే ఆ వైద్యం నిజంగా చేయిస్తామా? ఆర్యపల్లి నుంచి భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాల దాదాపు 150 కిలోమీటర్లు. పన్నెండేళ్ల కుక్కను వారానికోసారి అంత దూరం తిప్పడం దానికే బాధ కావచ్చు. చేయించబోని వైద్యానికి ప్రీమియం కట్టడం వృథా. ఇంట్లో అందరూ కూర్చుని ఇది ముందే మాట్లాడుకుంటే, ఆపద రోజున నిర్ణయం కాస్త తేలికవుతుంది.

ఒక్క అంశంలో మాత్రం వయసుతో పని లేదు. కుక్క పరాయివాళ్లను కరిస్తే కట్టాల్సి వచ్చే పరిహారానికి కూడా కొన్ని పాలసీలు రక్షణ ఇస్తాయి. ఎప్పుడు, ఎవరిని కరుస్తుందో ఎవరికీ తెలియదు. ఇది పంచుకోదగ్గ నష్టమే.

గిన్నెలో ఉన్న బీమా

తెలియని నష్టానికి బీమా. తెలిసిన ముప్పును మాత్రం ముందే తీసేయవచ్చు.

నాలుగింట ఒకటి అన్న అంకె దగ్గరకు మళ్లీ వద్దాం. పయోమెట్రా వచ్చాక చేసేదీ, రాకముందు చేసేదీ దాదాపు ఒకే ఆపరేషన్: గర్భసంచి, అండాశయాలు తీసేయడం. వచ్చాక అయితే విషం ఒంట్లో పాకి, కుక్క కుంగి ఉన్నప్పుడు అర్ధరాత్రి పరుగు. ముందే అయితే ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మంచి రోజు చూసుకుని. తొమ్మిదేళ్ల కుక్కకు మత్తు ఇవ్వడంలో జాగ్రత్త అవసరం. అందుకే ముందు రక్త పరీక్ష, గుండె పరీక్ష చేయించి డాక్టరు సరేనంటే చేయించాలి. ఒక ఏడాది ప్రీమియంగా పోయే డబ్బును దీనికి పెడితే ఒక ముప్పు పూర్తిగా పోతుంది.

ఇంకో బీమా అన్నం గిన్నెలోనే ఉంది. అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పుడే జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో వెలువడిన ఫలితంలో తక్కువ తిన్నవి మధ్యస్థంగా 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లవాతం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ఏ పాలసీ ఇలా ఏడాదిన్నరకు పైగా ఆయుష్షు ఇవ్వదు. ప్రేమ కొద్దీ అదనంగా వేసే ముద్ద రాణి మోకాళ్ల మీద బరువై కూర్చుంటుంది. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి తగిలేలా ఉంటే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు.

మూడోది పిడుదులు. వేడీ తేమా కలిసిన మన తీరంలో గోధుమరంగు కుక్క పిడుదు ఏడాది పొడవునా బతుకుతుంది. దాని కాటుతో వచ్చే ఎర్లికియా జ్వరంలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతోనే లొంగుతుంది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో వారానికోసారి చెయ్యి పెట్టి వెతకడానికి ఖర్చేమీ లేదు.

నాలుగోది రేబిస్ టీకా. ఇది వయసుతో నిమిత్తం లేకుండా ఏటా వేయించాల్సిందే. ఎందుకంటే ఇది కుక్కతో పాటు ఇంట్లో మనుషుల ప్రాణం కూడా కాపాడుతుంది. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

చివరిది, రాణి పేరు మీద ఒక కుండ. నెలకు 500 వేస్తే ఏడాదికి 6,000, మూడేళ్లకు 18,000. జబ్బు రాకపోతే ఆ డబ్బు మనదే. దీనిలో ఒక లోపం ఉంది. మూడో నెలలోనే జబ్బు చేస్తే కుండలో ఉండేది 1,500. కాబట్టి మొదట్లోనే చీటీ డబ్బులోంచో, వేట బాగున్న నెలలోంచో కాస్త పెద్ద మొత్తం అందులో వేసి మొదలుపెట్టాలి.

> సంతకానికి ముందు అడగాల్సినవి
>
> 1. ఈ వయసులో కొత్తగా చేర్చుకుంటారా? ఎన్నేళ్ల దాకా కొనసాగిస్తారు?
> 2. "ముందే ఉన్న జబ్బు" అంటే ఏమిటని కాగితంలో రాశారు?
> 3. నిరీక్షణ కాలం ఎన్ని రోజులు?
> 4. మన వాటా ఎంత శాతం? ఒక్కో జబ్బుకు హద్దు ఎంత?
> 5. వచ్చే ఏడాది ప్రీమియం వయసుతో ఎంత పెరుగుతుంది?
> 6. మా ఊరి డాక్టరు రాసిన చీటీ, మందుల షాపు బిల్లు చెల్లుతాయా?
> 7. నాటు కుక్కకు, కలగలుపు జాతికి కూడా వర్తిస్తుందా?

ఎవరికి ఏది?

రెండేళ్లలోపు కుక్కకు బీమా బాగా పనిచేస్తుంది. జబ్బు అరుదు, ప్రీమియం తక్కువ, ముందే ఉన్న జబ్బన్న మాట రాదు, సొంత కుండ ఇంకా నిండలేదు. ఐదారేళ్ల కుక్క ఆరోగ్యంగా ఉంటే ఇదే చివరి మంచి అవకాశం. తనిఖీ చేయించి ఆ కాగితం దాచుకుని చేరితే, తర్వాత వచ్చే జబ్బు కొత్తదని చూపించే ఆధారం మన చేతిలో ఉంటుంది. ఇప్పటికే పాలసీలో ఉన్న ముసలి కుక్కకు మధ్యలో మానకూడదు. మళ్లీ చేరితే ఆలోగా వచ్చిన జబ్బులన్నీ ముందే ఉన్నవైపోతాయి. ఎనిమిది దాటి ఎప్పుడూ బీమా లేని కుక్కకు మాత్రం చాలా ఇళ్లలో సొంత కుండే మేలు.

రాణి ఈ ఆఖరి వరసలో ఉంది. కొడుకు ఈ లెక్కలన్నీ వేశాక ఫోన్ చేసి చెప్పాల్సింది ఇంతే: "అయ్యా, నువ్వన్నది నిజమే, పాలసీ వద్దు. ఆదివారం వస్తాను, బరంపురం తీసుకెళ్లి రక్తం, గుండె చూపిద్దాం. డాక్టరు సరేనంటే ఆపరేషన్ చేయించేద్దాం. అమ్మకి చెప్పు, రాత్రి ముద్ద ఒకటి తగ్గించమని."

బీమా చేయిద్దామన్న ఆలోచనలో తప్పేమీ లేదు. ఆ ఆలోచన ఏడేళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే. రాణి తర్వాత ఆ ఇంటికి ఇంకో కూన వస్తే, మొదటి టీకా రోజునే ఆ మాట మళ్లీ తలుచుకోవాలి. అప్పుడు తలుపు తెరిచే ఉంటుంది.